చూడని తూకం

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. బస్‌స్టాపు బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి నిద్రపోవడం లేదని మొట్టమొదట కనిపెట్టింది, పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న టీచరమ్మ. "బస్సొచ్చిందండీ, లేవండి" అని భుజం తట్టింది. ఆయన అలాగే పక్కకి ఒరిగిపోయాడు. మెడ వెనక, కాలరు కింద, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఒకటి ఉంది. లంచ్ బాక్సు మాత్రం రెండు చేతుల్తోనూ గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

ఆయన మందుల పరీక్షా కేంద్రంలో స్టోర్ కీపరు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఒక్క సీసా పగలగొట్టలేదు, ఒక్కరి చేత మాట పడలేదు. కేంద్రంలో అందరికీ ఆయన బాబాయే. డైరెక్టరు కూడా బాబాయనే పిలిచేవాడు. చీమకైనా అపకారం చెయ్యని అలాంటి మనిషిని చంపడానికి ఒక విదేశీ ముఠా పనిగట్టుకుని మనిషినీ, విషాన్నీ, సన్నటి సూదినీ పంపించిందంటే, ఆ లంచ్ బాక్సులో కూర కాక ఇంకేదో ఉండి తీరాలి.

ఉంది. ఎనిమిదింటికల్లా అది డిపార్ట్‌మెంట్ చేతికి వచ్చింది.

"నీలం చొక్కాకి బొత్తం ఊడింది."

"దారం మీదా, మాదా?"

"దారం నాదే. సూది మీరివ్వాలి."

ఇస్త్రీ చేస్తున్నవాడు తలెత్తకుండానే పక్కకి జరిగాడు. వేలాడుతున్న కోట్ల వెనక తలుపు తెరుచుకుంది. ఊళ్ళోవాళ్ళకి అది లాండ్రీ. బట్టలు నిజంగానే ఉతుకుతారు, కాకపోతే రెండు రోజులు ఆలస్యంగా ఇస్తారు. వెనక గదిలో గూఢచారి డిపార్ట్‌మెంట్.

లోపలికి వచ్చినవాడి పేరు తాసు. చేరిన రోజే అసలు పేరు లాక్కుని ముద్దుపేరు పెట్టడం డిపార్ట్‌మెంట్ ఆచారం. చేతిలో పెట్టిన వస్తువు బరువు చిన్నమెత్తు తేడా లేకుండా చెప్పేస్తాడని ఇతనికి ఆ పేరు పెట్టారు. ఎనిమిది నెలలుగా మందుల పరీక్షా కేంద్రంలో అసిస్టెంట్ అనలిస్టు వేషంలో ఉన్నాడు.

ఇస్త్రీ బల్లకి అవతల పెద్దాయన కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌కి ఆయనే చీఫ్. పక్కన పరికరాలు తయారుచేసే మెకానిక్ నిలబడ్డాడు. బల్ల మీద బాబాయి లంచ్ బాక్సు, దాని పక్కన చిటికెడు తెల్లటి పొడి ఉన్న ముదురు గోధుమరంగు సీసా.

"ఇదేమిటో చెప్పు. మెకానిక్కి కూడా అర్థమయ్యేలా చెప్పు" అన్నాడు పెద్దాయన.

"రిఫరెన్స్ స్టాండర్డ్ సార్. వాపూ నొప్పీ తగ్గించే మాత్ర ఉంది కదా, దానిది. కొట్టువాడి దగ్గర కిలో రాయి ఉన్నట్టు, ఆ మాత్రకి ఇది కొలబద్ద. ఈ పొడి ఎంత స్వచ్ఛమో మా కేంద్రం తేల్చి లేబుల్ మీద అంకె వేస్తుంది. దేశంలో నలభై రెండు ల్యాబులు ఆ అంకెని నమ్మి, ప్రతి కంపెనీ మాత్రనీ దీంతో పోల్చి చూస్తాయి. సీసాలు ఇవాళ పదింటికి వ్యానులో బయల్దేరుతున్నాయి."

"రాయే తక్కువైతే?"

"తక్కువ సరుకంతా సరిగ్గా ఉన్నట్టు పాసవుతుంది. సరైన సరుకు లెక్క మించిపోయి ఫెయిలవుతుంది."

పెద్దాయన తల ఊపాడు. "రేవులో షావుకార్ల ఓడ ఆగి ఉంది." డిపార్ట్‌మెంట్‌లో ఆ విదేశీ ముఠాకి షావుకార్లని పేరు. "మూడు కోట్ల మాత్రలు. ఒక్కో మాత్రలో మందు నూటికి ఎనభై వంతులు, తక్కింది సుద్ద. కీళ్ళు పట్టేసి మంచం దిగలేనివాళ్ళు ఒకటికి రెండు మింగుతారు. మన మాత్రలేమో ఫెయిలై చెత్తకుండీలోకి పోతాయి. మెకానిక్, నీ లైటరు తియ్యి."

మెకానిక్ సిగరెట్ లైటరు వెలిగించాడు. మంట రాలేదు. మూత మీద గోరంత పలక వేడెక్కింది, పక్కన అంకెలు పరుగెత్తాయి. బాబాయి బాక్సులో దొరికిన సీసాలోని పొడి రవ్వంత దాని మీద వేశాడు. స్వచ్ఛమైనదైతే డెబ్బయ్యారు డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరగాలి. అరవై ఏడుకే చెమటపట్టి, డెబ్బై నాలుగు దాకా నాన్చింది.

"కల్తీ" అన్నాడు మెకానిక్. "మా ఆవిడ కొనే నెయ్యి ఇంతకంటే నయం."

పెద్దాయన ఒక కాగితం ముందుకు తోశాడు. కేంద్రం రిజిస్టరులో ఒక పేజీకి ఫొటో అది. తూకం వేసినవారు అన్న గడిలో అందమైన సంతకం. ఆమె స్టాండర్డ్స్ సెక్షన్ హెడ్. డిపార్ట్‌మెంట్ ఆమెకి పెట్టిన పేరు నెమలి. షావుకార్లు తమ గూఢచారి అనుకునే మనిషి, అసలు మన మనిషి. పక్కన సాక్షి గడిలో తాసు సంతకం.

"రెండు జీతాలు, ఒకటే విశ్వాసం అని ఆమె గురించి పైవాళ్ళకి రాసిచ్చింది నేను" అన్నాడు పెద్దాయన. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అందుకే నిన్నడుగుతున్నాను. ఆవిడ తూకం వేస్తుంటే నువ్వు పక్కనే ఉండి చూశావా?"

తాసు నీళ్ళు నమిలాడు. ఎంతసేపో కాదు, ఒక్క క్షణం.

"చూశాను సార్."

"అయితే తూకం సరైనదే. ఆ తర్వాత సీసాల్లో నింపేటప్పుడు మారింది. నింపింది స్టోర్ కీపరు. అంటే ముసలాయనే దొంగ. వాటాల దగ్గర తేడా వచ్చి వాళ్ళే చంపేసి ఉంటారు. అంతేనా?"

తాసు చూపు బాబాయి లంచ్ బాక్సు మీద పడింది. నిన్న సాయంత్రం బాబాయి అతని చెయ్యి పట్టుకుని, "అబ్బాయ్, ఈ పొడి ముద్ద కడుతోంది, మన పొడి ఇలా ఉండదు. రేపు బయటెక్కడైనా మాట్లాడాలి" అన్నాడు. ఆ చేతి వెచ్చదనం ఇంకా మణికట్టు దగ్గరే ఉంది.

"వ్యాన్‌ని పోలీసులతో ఆపించలేమా సార్?"

"ఏమని చెప్పి? రిజిస్టరు పక్కాగా ఉంది. మనమా, కాగితాల మీద లేనేలేము. గేటు దాటిందంటే నలభై రెండు చోట్లకీ చేరిపోయినట్టే. పదిలోగా తేల్చు."

*

మనవాడి గురించి ఒక్క మాట చెప్పాలి. పేరేమో తాసు. చేసిన తప్పేమో తూకం చూడకపోవడం. ఇలాంటి విడ్డూరం ఆ కేంద్రంలో తప్ప ఇంకెక్కడా జరగదు.

అక్కడ ఎవరూ ఒంటరిగా తూకం వెయ్యకూడదు. ఒకరు వేస్తే ఒకరు చూడాలి. గాలి తగలని గదిలో రాతిబల్ల, దాని మీద ఊపిరి తగిలినా అంకె కదిలే త్రాసు. అంకె నిలబడ్డాక తూచినవాళ్ళు రాస్తారు, చూసినవాళ్ళు సంతకం పెడతారు. నెమలి ప్రతిసారీ అడిగేది, "నిలిచిందా?" తాసు ప్రతిసారీ అనేవాడు, "నిలిచింది." మొదటి వారం నిజంగానే అంకె చూసి చెప్పాడు. రెండో వారం నుంచి ఆమె చేతులే చూశాడు.

చూడదగ్గ చేతులే అవి. కేంద్రమంతా తెల్లకోట్లలో వెలిసిపోయినట్టుండే మనుషుల మధ్య ఆమె ఒక్కతే పట్టుబట్టల మీద కోటు వేసుకుని పార్టీకి వచ్చినట్టు వచ్చేది. తూకాల గదిలో సెంటు నిషేధం. తలుపు బయట ఆగి తడిగుడ్డతో మణికట్లు తుడుచుకునేది. రవ్వంత పొడిని చెంచా అంచున తీసి, వేలితో చెంచాని మెల్లగా తట్టేది. ఆ తట్టుడులో మనవాడు మునిగిపోయాడు. నాలుగో నెలలో ఆమే అంది, "ఈ పనైపోయాక మా ఇంటికి వచ్చెయ్యి. నీ చేతి వంట తినాలనుంది." డిపార్ట్‌మెంట్‌లో ప్రేమలు నిషేధం. తాసు ఎవరికీ చెప్పలేదు. వెళ్ళి ప్రెషర్ కుక్కరు ఒకటి కొని మంచం కింద దాచుకున్నాడు.

తొమ్మిది దాటి పది నిమిషాలకు తూకాల గది తలుపు తీశాడు. ఆమె ఒక్కతే ఉంది. చేతిసంచి రాతిబల్ల మీద ఉంది. ఆ బల్ల మీద ఏమీ పెట్టకూడదన్న రూలు రాసిందే ఆమె.

"ఆలస్యంగా వచ్చావేం?"

"లాండ్రీకి వెళ్ళాను."

ఆమెకి అర్థమైంది. గొంతు తగ్గించింది. ఆ గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు, అది అలవాటు. తాసు కూడా గుసగుసగానే అడిగాడు.

"ఆ రోజు ఎంత తూగింది?"

"ఇరవై అయిదు మిల్లీగ్రాములు" అంది ఆమె, తడుముకోకుండా. "రిజిస్టరులో ఇరవై అని రాశాను. స్వచ్ఛత కొలిచే మెషీన్ అబద్ధం చెప్పదు కానీ బరువెంతో మనం చెప్పిందే నమ్ముతుంది. ఇరవై అయిదులో నూటికి ఎనభై వంతులంటే సరిగ్గా ఇరవై. స్వచ్ఛత నిండుగా వచ్చింది. త్రాసు అంకెని అచ్చువేసే ప్రింటరు ఆ వారమే రిపేరుకి పంపించాను. మిగిలిన అడ్డు నువ్వొక్కడివే."

"నేను చూస్తే?"

"చూడవు. ఎనిమిది నెలల్లో ఎప్పుడు చూశావు? అందుకే సాక్షిగా నిన్నే అడిగాను."

తాసుకి చాలాసార్లు దెబ్బలు తగిలాయి. ఒకసారి కత్తిపోటు, ఒకసారి కదిలే రైల్లోంచి తోసేశారు. ఏదీ ఇలా తగల్లేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎందుకు చేశావు?"

"మన డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన మనిషిని ఒక్కరిని చూపించు. పదకొండేళ్ళు. పొద్దున్న వాళ్ళకి ఒక అబద్ధం, సాయంత్రం మీకు ఒక అబద్ధం. ఇంక నా వల్ల కాదు. ఈ ఒక్క పని చేస్తే వదిలేస్తామని వాళ్ళన్నారు. మీ పెద్దాయన అదైనా అనలేదు."

"బాబాయి చచ్చిపోయాడు."

"ఏ బాబాయి?"

"మనకెంతమంది బాబాయిలున్నారు? పొద్దున్న బస్‌స్టాపులో. మెడలో సూది."

ఆమె చెయ్యి రాతిబల్ల మీద ఉంది. ఎప్పుడూ వణకని చెయ్యి. త్రాసు మీద అంకెలు పిచ్చెత్తినట్టు పైకీ కిందికీ కొట్టుకున్నాయి. తాసు మొదటిసారి ఆ అంకెలు చూశాడు.

"ట్రాన్స్‌ఫర్ చేయించమన్నాను" అంది. "పొడి మీద అనుమానపడుతున్నాడు, దూరంగా పంపించండి అన్నాను. అంతే. నాకు తెలియదు. ఒట్టు, నాకు తెలియదు."

"నిన్ను కాపాడదామని తూకం చూశానని అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఆయనే దొంగయ్యాడు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. చేతిసంచి అందుకుంది. "అలాగే ఉండనీ. పోయినవాళ్ళకి ఏ మాట తగులుతుంది?" అంది. మాట ఆమెదే కానీ గొంతు ఆమెది కాదు. తాసు కదిలేలోపు బయటికి నడిచి తలుపు లాగింది. గాలి చొరబడకుండా కట్టిన ఆ తలుపుకి గడియ బయటే ఉంటుంది.

అతను ఆ తలుపుని కుడిభుజంతో కొట్టాడు. ఎన్నిసార్లు కొట్టాడో లెక్కలేదు. బందు ఊడేసరికి తొమ్మిదీ యాభై మూడయింది, భుజంలో ఏదో జారిపోయింది.

*

గేటు దగ్గర వ్యాన్ ఇంజన్ తిరుగుతోంది. కొత్త డ్రైవరు. మీసం కొద్దిగా పక్కకి జరిగి ఉంది, చేతులకి తోలు గ్లవ్స్. అతని పక్క సీట్లో నెమలి కూర్చుంది. కిటికీ దగ్గర సెక్యూరిటీ ఆఫీసరమ్మ నిలబడి, కేంద్రం రిజిస్టరుని వేలు పెట్టి చదువుతోంది. ఆమెని అందరూ రూలుకర్ర అంటారు. ఏ సరుకు కదిలినా రిజిస్టరు గేటుదాకా రావాలి, రెండు సంతకాలు ఆవిడ కళ్ళతో చూడాలి, అప్పుడే అడ్డుకర్ర లేపుతుంది. ఒకసారి మంత్రిగారిని కూడా అరగంట ఎండలో నిలబెట్టింది.

"బాబాయి రాలేదేం మేడమ్? సీళ్ళు ఆయన కదా చూపించాలి" అంటోంది రూలుకర్ర.

నెమలి నేరుగా ముందుకి చూస్తోంది.

"ఆపండి" అన్నాడు తాసు, రొప్పుతూ వచ్చి. "ఆ సరుకు తప్పు."

రూలుకర్ర అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "నోటిమాట చెల్లదు సార్. రెండు సంతకాలూ ఉన్నాయి. ఒకటి తమరిదే."

గోడ గడియారం తొమ్మిదీ యాభై ఎనిమిది. డ్రైవరు ఎడంచెయ్యి కోటు జేబులోకి పోయింది.

తాసు ఒక్కసారి నెమలిని చూశాడు. నోరు మూసుకుని పక్కకి తప్పుకుంటే చాలు. ఆమె వెళ్ళిపోతుంది, ఎక్కడో ఒకచోట బతికే ఉంటుంది. బాబాయి దొంగగా కాష్ఠంలో కాలతాడు. ఊరూరా కీళ్ళు పట్టేసినవాళ్ళు సుద్ద మింగుతారు. ఆమె మాత్రం ఉంటుంది. ఇంత చిన్న లెక్క అతనికి ఎన్నడూ ఇంత కష్టం కాలేదు.

"పెన్నివ్వండి" అన్నాడు.

ఆ కేంద్రంలో తప్పు దిద్దే పద్ధతి ఒకటుంది. చెరపకూడదు, తెల్లరంగు పుయ్యకూడదు. కింద ఏముందో కనబడేలా ఒకే ఒక్క గీత కొట్టాలి, పక్కన కారణం రాసి, తేదీ, టైము వెయ్యాలి. కుడిచెయ్యి లేవలేదు. ఎడంచేత్తో తన సంతకం మీద గీత కొట్టాడు. వంకరటింకర అక్షరాల్లో రాశాడు: 'తూకం నేను చూడలేదు. సాక్షినని అబద్ధం రాశాను.'

రూలుకర్ర చదివింది. ఆవిడ ముఖంలో ఏదో మారింది కానీ వేలు మాత్రం పేజీ మీదినుంచి కదల్లేదు.

"దిద్దుబాటుకి సాక్షి సంతకం కావాలి సార్. మీ సెక్షన్ మనిషిదే కావాలి. లేకపోతే దిద్దుబాటు చెల్లదు, పాత సంతకమే చెల్లుతుంది."

ఆ సెక్షన్‌లో ఉన్నది ఇద్దరే.

గడియారంలో పెద్దముల్లు చివరి గీత దగ్గరికి వచ్చింది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కి పట్టాడు. రూలుకర్ర రెండో చెయ్యి అడ్డుకర్ర మీట మీద పడింది.

"ఇటివ్వండి" అంది నెమలి.

కిటికీలోంచి రిజిస్టరు అందుకుంది. ఆ సంతకంతో తనని తానే పట్టిస్తున్నానని ఆమెకి తెలుసు. అయినా తొందరపడలేదు. పొడి తూచేటప్పటి నిదానంతోనే ఒక్కో అక్షరం రాసింది.

"ఇటు చూడు" అంది తాసుతో. "ఈసారన్నా కాగితం చూడు."

అతను చూశాడు. కళ్ళు మసకేసినా చివరి అక్షరందాకా చూశాడు.

డ్రైవరు జేబులోంచి సూది తీశాడు. అది నెమలి మెడకి జానెడు దూరంలో ఉండగా రూలుకర్ర మూడు కిలోల రిజిస్టరు లాక్కుని అతని ముంజేతి మీద దబ్బున కొట్టింది. సూది కింద పడింది, ఊడిన మీసం దాని మీద పడింది. "రద్దయిన సరుకు గేటు దాటడానికి వీల్లేదు" అని, అడ్డుకర్రకి తాళం వేసింది. ఐదు నిమిషాల్లో లాండ్రీ వ్యాన్ వచ్చింది. మీసం ఊడినవాణ్ణి కట్టేసి ఎక్కించారు, తెల్ల దుప్పట్ల మూటల మధ్య నెమలిని కూర్చోబెట్టారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. తాసు మాత్రం వ్యాను మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

*

మూడు రోజుల తర్వాత పెద్దాయన లాండ్రీ వెనక గదికి పిలిచాడు. ఓడ తిరుగుముఖం పట్టిందన్నాడు. బాబాయి ఇంటికి స్వయంగా వెళ్ళి, ఆయన నిజాయితీపరుడని ఆయన భార్యతో చెప్పి వచ్చానన్నాడు. తర్వాత బల్ల మీద రెండు పాస్‌పోర్టులు పెట్టాడు.

"ఆవిడ చేతిసంచిలో దొరికాయి."

మొదటిదాంట్లో ఆమె ఫొటో. రెండోదాంట్లో తాసుది. ఎవరిదో కొత్త పేరు, భార్య పేరు అన్నచోట ఆమె కొత్త పేరు. తేదీ నాలుగు నెలల కిందటిది.

"నిన్ను తీసుకెళ్ళాలనుకుంది" అన్నాడు పెద్దాయన. "నీకు తెలుసా?"

"తెలియదు సార్."

"నమ్మమంటావా?"

"సాక్షి లేరు సార్."

పెద్దాయన కాసేపు కిటికీలోంచి ఆరేసిన బట్టలు చూశాడు. "ఏడవాలనిపిస్తే ఇక్కడే ఏడువు. బయట మన మనుషులు చూస్తారు" అన్నాడు. తాసు అక్కడే కూర్చుని ఏడ్చాడు. ఇస్త్రీవాడు మధ్యలో వచ్చి, ఏమీ అడగకుండా, మడతపెట్టిన రుమాలు ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

తాసు గదిలోంచి వచ్చి మందుల షాపు ముందు ఆగాడు. భుజం సలుపుతోంది.

"వాపు తగ్గే మాత్ర ఉంటుంది కదా, నాలుగివ్వండి."

"లేవండీ" అన్నాడు షాపతను. "దేశమంతా ఆపేశారు. ఏదో ప్రమాణం మళ్ళీ తేల్చాలట, నెలరోజులు పడుతుందట. పేపర్లో వేశారుగా, ఎవడో గుమాస్తా చూడకుండా సంతకం పెట్టి ఆఖరి నిమిషంలో దాన్ని కొట్టేశాడని. వాడి పుణ్యమా అని ఊళ్ళో నొప్పులవాళ్ళంతా నా ప్రాణం తీస్తున్నారు. అలాంటివాణ్ణి ఏం చెయ్యాలంటారు?"

తాసు ఎడంచేత్తో భుజం నొక్కుకున్నాడు.

"ఏమీ చెయ్యక్కర్లేదండీ" అన్నాడు. "వాడికీ మాత్ర దొరకదుగా."